ఏడెనిమిది అంకెల సంఖ్య ఇస్తే దాని లక్షణాలన్నీ కాగితం మీదే తేల్చడం ఎలా?

పోటీ పరీక్షలకు చదివేవాళ్లు, పిల్లలకు లెక్కలు చెప్పే తల్లిదండ్రులు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్న ఇది. ఒక పెద్ద సంఖ్య ఇచ్చి, దానికి కారణాంకాలు ఎన్ని, వాటి మొత్తం ఎంత, దేనితో గుణిస్తే పరిపూర్ణ వర్గం అవుతుంది అని అడిగితే ఎక్కడ మొదలుపెట్టాలి? చాలామంది ఒక్కో ప్రశ్నకు ఒక్కో సూత్రం బట్టీపట్టి వస్తారు. సూత్రాలు నిజానికి నాలుగు వరుసలే. అసలు పని ఆ సంఖ్యను ప్రధాన కారణాంకాలుగా విడగొట్టడం. అది తప్పు లేకుండా జరిగితే మిగతావన్నీ ఐదు నిమిషాల్లో వచ్చేస్తాయి. అక్కడ తప్పితే ఏ సూత్రమూ కాపాడదు. అందుకే ఇక్కడ ఎక్కువ చోటు ఆ పనికే ఇస్తున్నాం.

ఉదాహరణగా 74,75,832 తీసుకుందాం. కాగితం, పెన్సిల్ పట్టుకుని చదువుతూనే చేయండి.

కావలసినవి

- గళ్ల కాగితం ఉంటే మేలు. భాగహారంలో అంకెలు ఒకదాని కింద ఒకటి సరిగ్గా పడతాయి.
- 100 లోపు 25 ప్రధాన సంఖ్యలు నోటికి రావాలి: 2, 3, 5, 7, 11, 13, 17, 19, 23, 29, 31, 37, 41, 43, 47, 53, 59, 61, 67, 71, 73, 79, 83, 89, 97. వీలైతే ఆ పైన 101, 103, 107, 109, 113, 127 కూడా.
- ప్రధాన సంఖ్యల్లా కనిపించి మోసం చేసేవాటి జాబితా: 91, 119, 133, 143, 161, 187, 203, 209, 217, 221, 247, 253, 259, 287, 289, 299. ఇవేవీ ప్రధానాలు కావు. 91 అంటే 7 × 13, 119 అంటే 7 × 17, 221 అంటే 13 × 17. గోడకు అంటించుకోదగ్గ జాబితా ఇది.
- క్యాలిక్యులేటర్ చివర్లో సరిచూసుకోవడానికి మాత్రమే.

1. వర్గమూలం అంచనా వేయండి

2700² = 72,90,000. 2750² = 75,62,500. మన సంఖ్య ఈ రెండింటి మధ్య ఉంది. ఇంకాస్త దగ్గరికి వెళితే 2734² = 74,74,756, 2735² = 74,80,225. అంటే ఇది పరిపూర్ణ వర్గం కాదు. ప్రధాన సంఖ్యలతో భాగించి చూడటం ఎంత దూరం వెళ్లినా 2734 దాటదు.

2734 లోపు ప్రధాన సంఖ్యలు దాదాపు 400 ఉన్నాయని భయపడకండి. ఒక కారణాంకం దొరికిన ప్రతిసారీ మిగిలే భాగఫలం చిన్నదవుతుంది, దాంతో హద్దు కూడా దిగివస్తుంది. ఈ లెక్కలో మనం 13 దగ్గరే ఆగిపోతాం.

2. ముందు 2లన్నీ తీసేయండి

చివరి మూడు అంకెలు 832. దాన్ని 8 నిశ్శేషంగా భాగిస్తుంది (104). చివరి నాలుగు అంకెలు 5832. దాన్ని 16తో భాగిస్తే 8 మిగులుతుంది. కాబట్టి 2 మూడుసార్లే పోతుంది. 74,75,832 ÷ 8 = 9,34,479.

ఒక్కోసారి 2తో భాగించుకుంటూ పోయినా తప్పేమీ లేదు. కాకపోతే బేసి సంఖ్య వచ్చేదాకా ఆగకూడదు.

3. 3లు, 5లు

9,34,479 అంకెల మొత్తం 36. కాబట్టి 9 పోతుంది. భాగఫలం 1,03,831. దీని అంకెల మొత్తం 16, ఇక 3 పోదు. చివర 0 గానీ 5 గానీ లేదు, కాబట్టి 5 లేదు.

అంకెల మొత్తం 27తో భాగించబడితే సంఖ్య కూడా 27తో భాగించబడుతుందనుకోవడం ఇక్కడ జరిగే మామూలు పొరపాటు. ఆ సూత్రం 3కీ 9కీ మాత్రమే పనిచేస్తుంది. 27కు, 37కు పరీక్ష వేరు. సంఖ్యను కుడి నుంచి మూడేసి అంకెల గుంపులు చేసి కూడాలి. మన అసలు సంఖ్యకు 7 + 475 + 832 = 1314. దీన్ని 27తో భాగిస్తే 18 మిగులుతుంది, 37తో భాగిస్తే 19 మిగులుతుంది. రెండూ లేవని ఒక్క కూడికలో తేలిపోయింది. 999 = 27 × 37 కావడమే దీనికి కారణం.

4. 7, 11, 13 మూడింటినీ ఒకేసారి పరీక్షించండి

7 × 11 × 13 = 1001. ఈ ఒక్క విషయం గుర్తుంటే మూడు పరీక్షలు ఒకటైపోతాయి. కుడి నుంచి మూడేసి అంకెల గుంపులు చేసి, మొదటి గుంపులోంచి రెండోదాన్ని తీసివేసి, మూడోది ఉంటే కలిపి, అలా మార్చి మార్చి వెళ్లండి.

భాగఫలం 1,03,831. గుంపులు: 103 | 831. తేడా 831 − 103 = 728. ఇది 7 × 8 × 13. అంటే 7, 13 రెండూ పోతాయి. 728ని 11తో భాగిస్తే 2 మిగులుతుంది, కాబట్టి 11 లేదు.

హెచ్చరిక: మన లెక్కల్లో ఇంతకంటే ఎక్కువమంది పడే గొయ్యి లేదు. మనం కామాలు లక్షల పద్ధతిలో పెడతాం. కామాల మధ్య ఉన్నవాటినే గుంపులుగా తీసుకుంటే 831 − 03 + 1 = 829 వస్తుంది. 829ని 7 గానీ 13 గానీ భాగించదు. రెండు కారణాంకాలు ఒక్క దెబ్బకు చేజారిపోతాయి. అందుకే ఈ పరీక్షకు ముందు సంఖ్యను కామాలు లేకుండా మళ్లీ రాసి, కుడి నుంచి మూడేసి అంకెలకు నిలువు గీతలు గీయండి.

ఇప్పుడు 7తో భాగించండి: 1,03,831 ÷ 7 = 14,833. ఇక్కడ వెంటనే 13కు వెళ్లకండి. 7 మళ్లీ పోతుందేమో చూడాలి. 14 | 833 తేడా 819 = 7 × 117. పోతుంది. 14,833 ÷ 7 = 2,119. మళ్లీ చూడండి: 2 | 119 తేడా 117. 7 పోదు, కానీ 117 = 9 × 13 కాబట్టి 13 పోతుంది. 2,119 ÷ 13 = 163.

5. ఎక్కడ ఆగాలో తెలుసుకోండి

మిగిలింది 163. ఇది ప్రధానమేనా అని 17, 19, 23తో భాగిస్తూ కూర్చోనక్కర్లేదు. 13 కంటే చిన్న ప్రధానాలన్నిటినీ ఇప్పటికే తీసేశాం, కాబట్టి 163కు ఏ కారణాంకం ఉన్నా అది 13 గానీ అంతకంటే పెద్దది గానీ కావాలి. అలాంటివి రెండు గుణిస్తే కనీసం 169 అవుతుంది. 163 అంతకంటే చిన్నది. కాబట్టి ప్రధానం.

నియమం ఇది: చివరగా పరీక్షించిన ప్రధానం వర్గం మిగిలిన భాగఫలాన్ని దాటిన క్షణమే ఆగండి. ఆ భాగఫలం ప్రధానమే (లేదా 1).

74,75,832 = 2³ × 3² × 7² × 13 × 163

6. ముందుకు వెళ్లే ముందు సరిచూడండి

తిరిగి గుణించండి: 8 × 9 = 72, 72 × 49 = 3,528, 3,528 × 13 = 45,864, 45,864 × 163 = 74,75,832. సరిపోయింది.

తొమ్మిదితో సరిచూసే పాత పద్ధతి (రెండు వైపులా అంకెల మొత్తాలను 9తో భాగించి శేషాలు పోల్చడం) ఇక్కడ పనికిరాదు. సంఖ్యలోనే 9 ఉంది, కాబట్టి మిగతా కారణాంకాల్లో ఏది తప్పు రాసినా అది పట్టుకోదు. పైగా 7475832ను 7457832 అని అంకెలు తారుమారు చేసి రాసుకున్నా అంకెల మొత్తం మారదు. 11తో చూడండి. కుడి నుంచి అంకెలను ఒకటి కూడుతూ ఒకటి తీసివేస్తూ వెళితే 2 − 3 + 8 − 5 + 7 − 4 + 7 = 12, అంటే 11తో శేషం 1. కారణాంకాల వైపు: 72కు శేషం 6, 49కి 5, వాటి లబ్ధం 30కి 8. 13కు 2, కాబట్టి 16, దాని శేషం 5. 163కు శేషం 9, కాబట్టి 45, దాని శేషం 1. రెండు వైపులా 1. పక్కపక్క అంకెలు తారుమారైతే ఈ పద్ధతి తప్పకుండా పట్టుకుంటుంది.

7. ఇక లక్షణాలు రాసుకోవడమే

*కారణాంకాల సంఖ్య.* ప్రతి ఘాతాంకానికీ 1 కలిపి గుణించండి: 4 × 3 × 3 × 2 × 2 = 144. ఆ 1 కలపడం మరిచిపోతే 3 × 2 × 2 × 1 × 1 = 12 వస్తుంది. పరీక్షల్లో ఇచ్చే ఆప్షన్లలో ఆ 12 కూడా ఉంటుందని అనుకునే రాయండి. ఈ 144లో 1, అదే సంఖ్య రెండూ ఉన్నాయి. "ఆ రెండూ మినహా" అని అడిగితే 142.

బేసి కారణాంకాలు కావాలంటే 2ను పక్కన పెట్టండి: 3 × 3 × 2 × 2 = 36. సరి కారణాంకాలు 144 − 36 = 108. రెండు సంఖ్యల లబ్ధంగా రాసే విధాలు 144లో సగం, 72. ఆ రెండూ పరస్పర ప్రధానాలు (1 తప్ప ఉమ్మడి కారణాంకం లేనివి) కావాలంటే, వేర్వేరు ప్రధానాలు ఐదు కాబట్టి 2⁴ = 16 విధాలు.

144 పెద్ద సంఖ్యలా కనిపిస్తుంది గానీ, దీనికంటే కాస్త చిన్నదైన 72,07,200కు 432 కారణాంకాలున్నాయి, సరిగ్గా మూడు రెట్లు. అది 2⁵ × 3² × 5² × 7 × 11 × 13. అన్నీ చిన్న ప్రధానాలే. తనకంటే చిన్న సంఖ్యలన్నిటికన్నా ఎక్కువ కారణాంకాలుండే ఇలాంటి సంఖ్యల మీదే శ్రీనివాస రామానుజన్ 1915లో తన పెద్ద పరిశోధనా వ్యాసం ప్రచురించారు. మన సంఖ్యలో 163 అనే పెద్ద ప్రధానం చాలా చోటు తినేసి, లెక్కను రెట్టింపు మాత్రమే చేసింది.

*కారణాంకాల మొత్తం.* ఒక్కో ప్రధానానికి 1 నుంచి దాని చివరి ఘాతం దాకా కూడి, ఆ మొత్తాలను గుణించండి.
2కు: 1 + 2 + 4 + 8 = 15
3కు: 1 + 3 + 9 = 13
7కు: 1 + 7 + 49 = 57
13కు: 14, 163కు: 164
లబ్ధం 15 × 13 × 57 × 14 × 164 = 2,55,20,040.

7² దగ్గర 1 + 49 = 50 అని రాసేయడం తరచూ జరుగుతుంది. మధ్యలోని 7ను వదలకండి. మొత్తంలోంచి అసలు సంఖ్యను తీసేస్తే 1,80,44,208. ఇది అసలు సంఖ్య కంటే ఎక్కువ కాబట్టి 74,75,832 అధిక సంఖ్య.

*పరిపూర్ణ వర్గం చేయడానికి.* బేసి ఘాతాంకం ఉన్న ప్రధానాలు 2, 13, 163. ఒక్కోటి ఒక్కసారి గుణిస్తే 2 × 13 × 163 = 4,238. దీనితో గుణిస్తే వచ్చేది 1,77,996 వర్గం. ఇదే 4,238తో భాగిస్తే 1,764 వస్తుంది, అది 42². ఈ రెండూ ఒకదానికొకటి సాక్ష్యం. పరిపూర్ణ వర్గాలైన కారణాంకాలు 2 × 2 × 2 = 8: అవి 1, 4, 9, 36, 49, 196, 441, 1764.

*తనకంటే చిన్నవాటిలో తనతో 1 తప్ప ఉమ్మడి కారణాంకం లేనివి ఎన్ని?* సంఖ్యను వరుసగా 1/2, 2/3, 6/7, 12/13, 162/163తో గుణించాలి. ముందు భాగించి తర్వాత గుణించండి. 74,75,832 → 37,37,916 → 24,91,944 → 21,35,952 → 19,71,648 → 19,59,552. ప్రతి మెట్టులోనూ భాగహారం నిశ్శేషంగా రావాలి. శేషం మిగిలిందంటే వెనక ఎక్కడో తప్పు జరిగింది.

*రెండు వర్గాల మొత్తంగా రాయగలమా?* 4తో భాగిస్తే 3 మిగిలే ప్రధానాలను చూడండి: 3, 7, 163. వాటి ఘాతాంకాలన్నీ సరి సంఖ్యలైతేనే కుదురుతుంది. 163 ఘాతాంకం 1. కుదరదు.

8. చిన్న ప్రధానాలేవీ పోకపోతే

12,34,567 చూడండి. 1 | 234 | 567 గుంపులతో 567 − 234 + 1 = 334. దీన్ని 7, 11, 13 ఏవీ భాగించవు. ఇక ఒక్కో ప్రధానంతో ముందుకెళ్లాల్సిందే. చివరి అంకెను విడదీసి చేసే ఈ పరీక్షలు పని తగ్గిస్తాయి:

- 17కు: చివరి అంకెకు 5 రెట్లు మిగిలినదాంట్లోంచి తీసివేయండి
- 19కి: చివరి అంకెకు 2 రెట్లు కలపండి
- 23కు: 7 రెట్లు కలపండి
- 29కి: 3 రెట్లు కలపండి
- 31కి: 3 రెట్లు తీసివేయండి

జాగ్రత్త: ఇవి పోతుందా పోదా అన్నదే చెబుతాయి. ఇందులో మిగిలేది అసలు శేషం కాదు. శేషం అడిగిన ప్రశ్నలో వీటిని వాడితే జవాబు తప్పుతుంది. 1001 పద్ధతిలో మాత్రం శేషం కూడా నిజమైనదే వస్తుంది.

ఈ సంఖ్యకు 31వ ప్రధానమైన 127 దగ్గర ఫలితం దొరుకుతుంది: 127 × 9,721. 127² = 16,129, ఇది 9,721ని దాటింది కాబట్టి 9,721 ప్రధానం, ఇక ఒక్క భాగహారం కూడా వద్దు. ఆగే నియమం తెలియనివాళ్లు 1,111 దాకా ఉన్న 186 ప్రధానాలనూ తిరగేస్తారు.

9. కారణాంకాలు రెండూ వర్గమూలానికి దగ్గరగా ఉన్నాయని అనుమానం వస్తే

అప్పుడు కింది నుంచి పైకి కాదు, వర్గమూలం నుంచి మొదలుపెట్టాలి. ఫ్రెంచి గణిత శాస్త్రవేత్త ఫెర్మా 1643లో 2,02,76,51,281ను ఇలాగే విడగొట్టాడు. వర్గమూలం 45,029 దాటింది కాబట్టి 45,030తో మొదలు. దాని వర్గంలోంచి సంఖ్యను తీసివేస్తే 49,619. ఇది పరిపూర్ణ వర్గమా? కాదు. తర్వాత 45,031. మళ్లీ వర్గం కట్టనక్కర్లేదు, 45,030 + 45,031 = 90,061 కలిపితే చాలు. ఆ తర్వాత కలపాల్సింది ప్రతిసారీ 2 పెరుగుతుంది.

49619, 139680, 229743, 319808, 409875, 499944, 590015, 680088, 770163, 860240, 950319, 1040400.

ప్రతిదానికీ వర్గమూలం తీయకండి. 2, 3, 7, 8తో ముగిసేవి వర్గాలు కావు. చివర ఒకే సున్నా ఉంటే కాదు. 5తో ముగిస్తే దాని ముందు 2 ఉండాలి. బేసి అంకెతో ముగిస్తే పదుల స్థానంలో సరి అంకె ఉండాలి, కాబట్టి 19తో ముగిసే రెండూ పోయాయి. మిగిలినవి 499944, 1040400. మొదటిది 707², 708² మధ్య పడుతుంది. రెండోది 1020². అది వరుసలో పన్నెండోది, అంటే 45,041 దగ్గర వచ్చింది. కాబట్టి మన సంఖ్య 45,041² − 1,020². అంతే: 45,041 − 1,020 = 44,021, 45,041 + 1,020 = 46,061. ఇవే కారణాంకాలు.

కారణాంకాలు దూరంగా ఉంటే ఈ పద్ధతి భాగహారం కన్నా చాలా ఎక్కువ సమయం తింటుంది. ఇరవై ముప్పై మెట్లలో రాకపోతే వదిలేయండి.

10. సంఖ్యకు ప్రత్యేక రూపం ఉంటే వాడుకోండి

2ⁿ − 1 రూపంలో ఉండి n బేసి ప్రధానమైతే, దాని ప్రతి ప్రధాన కారణాంకమూ 2n గుణిజానికి 1 కలిపినట్టుంటుంది. పైగా 8తో భాగిస్తే 1 గానీ 7 గానీ మిగలాలి. 2²⁹ − 1 = 53,68,70,911కు 58 గుణిజాలకు 1 కలిపిన వరుస 59, 117, 175, 233... ఇందులో 59ని 8తో భాగిస్తే 3 మిగులుతుంది, తీసేయండి. 117, 175 ప్రధానాలు కావు. నేరుగా 233. పోతుంది, భాగఫలం 23,04,167. ఆ తర్వాత 233 మళ్లీ పోదు. వరుసలో నిలిచేవి 929, 1103. 929 పోదు. 1103 × 2089 సరిపోతుంది.

11. కంప్యూటర్‌తో సరిచూసేటప్పుడు

లినక్స్ టెర్మినల్లో ఫ్యాక్టర్ (factor) అనే కమాండ్ ఉంటుంది. దాని పక్కన సంఖ్య రాస్తే ప్రధాన కారణాంకాలను వరుసగా చూపిస్తుంది. మన సంఖ్యకు 2 2 2 3 3 7 7 13 163 అని రావాలి. కామాలు పెట్టకండి.

ఫోన్ క్యాలిక్యులేటర్‌తో భాగించి పాయింట్ తర్వాత ఏమీ కనిపించలేదని నిశ్శేషం అనుకోకండి. తెర మీద పట్టని దశాంశాలు దాగి ఉండొచ్చు. భాగఫలాన్ని తిరిగి గుణించి, చివరి అంకె కూడా కలిసిందో లేదో చూడండి.

ఎక్సెల్ ఒక సంఖ్యలో 15 అంకెల వరకే నిలుపుకుంటుంది. 16 అంకెల సంఖ్య టైప్ చేస్తే చివరి అంకె సున్నా అయిపోతుంది, ఏ హెచ్చరికా రాదు. ఆ తర్వాత ఎన్ని పరీక్షలు చేసినా వేరే సంఖ్యకు చేసినట్టే. 15 అంకెలు దాటితే పైథాన్ వాడండి. దానిలో పూర్ణ సంఖ్యకు అలాంటి హద్దు లేదు. కాకపోతే భాగహారానికి రెండు గీతలు (//) వాడాలి. ఒకే గీత (/) వాడితే ఫలితం దశాంశంగా మారి, అక్కడా దాదాపు 16 అంకెల తర్వాత కచ్చితత్వం పోతుంది.